ఫోల్డర్ ముందే ఉంటే చెరిపేయాలట!

హనుమకొండ కాలేజీ పిల్లల గ్రూపుల్లో మొదలై మా గ్రూపుల దాకా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. “పైథాన్‌తో ఫోల్డర్లు చేయడానికి ఐదు సూత్రాలు, ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు” అని. పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే భాష. రోజూ ఎవరో ఒకరు పంపి “చూడన్నా, మస్తుంది” అంటారు. లేదు తమ్ముడూ.

“మేక్‌డిర్ ఒక్కటి చాలు.” ఫోల్డర్ చేసే ఆదేశం అది. ఫోల్డర్‌లో ఫోల్డర్ కావాలంటే చాలదు. పైది లేకపోతే అక్కడే ఆగిపోతుంది. దానికి మేక్‌డిర్స్ ఉంది, చివర ఎస్‌తో.

“విండోస్‌లో బ్యాక్‌స్లాషే వాడాలి.” ఫోల్డర్ ఎక్కడుందో దారి రాసేటప్పుడు ఈ \ గుర్తు పక్కన చిన్న ఎన్‌తో మొదలయ్యే పేరు పడితే కొత్త లైన్ అయి కూర్చుంటుంది. మామూలు స్లాష్ (/) విండోస్‌లోనూ నడుస్తుంది.

ఇక మూడోది. “ఫోల్డర్ ముందే ఉందని ఎర్రర్ వస్తే, ఆర్‌ఎమ్‌ట్రీతో తీసేసి మళ్లీ చేయండి.” ఆర్‌ఎమ్‌ట్రీ అంటే ఫోల్డర్‌ను లోపలున్నవాటితో సహా చెరిపేసే ఆదేశం. రాసిన మహానుభావుడికి దండం. కాజీపేటలో ఒక ఫొటో స్టూడియో అనుకోండి. పెళ్లి తేదీ పేరుతో ఫోల్డర్ చేసి, కెమెరా కార్డులోని ఫొటోలు అందులో వేసే స్క్రిప్ట్ ఉంది. పగలు తలంబ్రాల ఫొటోలు పడ్డాయి. రాత్రి బరాత్ కార్డు పెట్టి మళ్లీ అదే స్క్రిప్ట్ నడిపారు. ఫోల్డర్ ముందే ఉంది కదా, సూత్రం ప్రకారం చెరిపేసింది. తలంబ్రాలు గాయబ్. రీసైకిల్ బిన్‌లో వెతకొద్దు, ఆర్‌ఎమ్‌ట్రీ అందులో వేయదు. పగటి కార్డును అప్పటికే ఫార్మాట్ చేసి ఉంటే, ఇంకోసారి పెళ్లి చేసుకోమని పెళ్లివారిని బతిమాలుకోవాలి. అసలు ఆ ఎర్రర్ వచ్చేదే లోపల ఉన్నవి కాపాడడానికి. ఉన్నా ఫర్వాలేదనుకుంటే మేక్‌డిర్స్‌లో ‘ఎగ్జిస్ట్ ఓకే’ను ట్రూ చేయండి. 2011లో వచ్చిన పైథాన్ 3.2 నుంచీ ఉంది అది. అదే పేరుతో ఫోల్డర్ కాక ఫైల్ ఉంటే అప్పుడూ ఎర్రర్ ఇస్తుంది, ఇవ్వాలి కూడా.

“పర్మిషన్ ఎర్రర్ వస్తే మోడ్ 777 ఇవ్వండి.” 777 అంటే అందరికీ అన్ని హక్కులూ అని. రాసే హక్కే లేని చోట, ఇంకా పుట్టని ఫోల్డర్‌కు ఏ మోడ్ ఇస్తే ఏం లాభం? పైగా ముందు సున్నా, ఓ (0o) లేకుండా ఉత్త 777 రాశారు. పైథాన్ దాన్ని దశాంశ సంఖ్యగానే తీసుకుంటుంది. ఈ హక్కులు రాసే ఆక్టల్‌లో, అంటే ఎనిమిది అంకెల లెక్కలో, అది 1411. లినక్స్‌లో అలా చేస్తే, ఫోల్డర్ చేసినవాడికే అందులో ఫైల్ పెట్టే హక్కు ఉండదు. ఊరందరికీ తలుపు తీయబోయి ఇంటాయన్ని బయట నిలబెట్టినట్టు!

“తెలుగు పేర్లు పెడితే పనిచేయదు.” నవ్వి వదిలేద్దామనుకున్నా. పైథాన్ 3తో ‘వరంగల్’ అనే ఫోల్డర్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ హాయిగా వస్తుంది. కానీ ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకు 255 బైట్లే హద్దు. తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా మూడేసి బైట్లు తింటాయి. ‘వరంగల్’ ఒక్కటే 18. ఇలాంటి గుర్తులు అన్నీ కలిపి 85 దాటితే ఎర్రర్ నిజంగానే వస్తుంది. వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, ఫంక్షన్ హాల్, ఊరు అన్నీ ఒకే ఫోల్డర్ పేరులో కుక్కే స్టూడియోవాళ్లు ఫంక్షన్ హాల్‌ను లోపలి ఫోల్డర్‌కు పెట్టుకోండి.