శీనయ్య ఐపీ, పాప మనోవర్తి

కావలి పక్క పల్లెలో రొయ్యలు వేసి మునిగిన శీనయ్య సబ్‌కోర్టులో ఐపీ (దివాలా పిటిషను) పెట్టాడు. పేరు కల్పితం. ఇలాంటి శీనయ్యలు అల్లూరు నుంచి సింగరాయకొండ దాకా ఉన్నారు. మొత్తం అప్పు 62 లక్షలు. భార్యతో విడిపోయి మూడేళ్ళు. ఏడో తరగతి చదివే కూతురికి నెలకు 9,000 మనోవర్తి ఇవ్వాలని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంది. పదకొండు నెలలుగా పైసా కట్టలేదు. ఐపీ పెట్టాడు కాబట్టి ఆ డబ్బు కూడా పోయినట్టేనా అన్నది పేచీ. వాదించేది వదినా మరిదీ. వదిన పాప తరఫు లాయరు. మరిది ఫీడ్ (రొయ్యల మేత) డీలరు, శీనయ్య నుంచి 14 లక్షలు రావాల్సినవాడు. నేను వదిన పక్షం, దాచుకోవడం దేనికి.

మరిది: మనిషే చేతులెత్తేశాక నెలకు తొమ్మిదివేలు తెమ్మంటే యాణ్ణించి తెస్తాడు వదినా? ఐపీ అన్నాక బాకీలన్నీ ఒకే జాబితా. నా ఫీడు బాకీ, బ్యాంకు లోను, చేబదుళ్ళు, ఆ పాప మనోవర్తి, అన్నీ అందులోవే. ఆస్తి అమ్మి పంచే కోర్టు రిసీవరు రూపాయికి పది పైసలిస్తే అందరం పది పైసలే తీసుకోవాలి.

వదిన: అందరూ కాదబ్బాయ్. శీనయ్య ఐపీ నడిచేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం మీద. కోర్టు దివాలా ప్రకటిస్తుంది, ఆస్తి రిసీవరు చేతికి పోతుంది, పంపకాలయ్యాక చివర్లో డిశ్చార్జి, అంటే మిగిలిన బాకీల నుంచి విడుదల, ఇస్తుంది. ఆ డిశ్చార్జితో ఏ బాకీలు తీరిపోవో 44వ సెక్షన్లో రాసి ఉంది. సర్కారు బాకీ పోదు. మోసం చేసి తెచ్చింది పోదు. మనోవర్తి ఉత్తర్వు కింద ఇవ్వాల్సింది పోదు. నీ ఫీడు బాకీ పోతుంది, పాప డబ్బు మాత్రం అతని మెడ మీదే ఉంటుంది.

మరిది: ఆ సెక్షను మా లాయరూ చూపించాడులే. అందులో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు, 488 సెక్షను అని ఉంది. ఆ కోడు ఇప్పుడు లేనే లేదు కదా. లేని చట్టం కింద లేని ఉత్తర్వు.

వదిన: నంబరు మారింది, బాధ్యత మారలేదు. 488 కాస్తా 1973లో 125 అయింది. 2024 జులై 1 నుంచి కొత్త కోడు, నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. పాత చట్టం తీసి కొత్తది పెట్టినప్పుడు, పాత నంబరు రాసున్న చోట కొత్తది చదువుకోమని జనరల్ క్లాజెస్ చట్టం చెప్తుంది. 2016లో కొత్త దివాలా కోడు రాసినప్పుడూ మనోవర్తిని మాఫీ కాని బాకీల్లోనే పెట్టారు. ఆ భాగం శీనయ్యలాంటి మామూలు మనుషులకు ఇంకా అమల్లోకి రాలేదు గానీ, నూరేళ్ళ తర్వాత రాసినవాళ్ళకూ ఇందులో వేరే ఆలోచన రాలేదు.

మరిది: మరి 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో 26వ సెక్షను? అప్పులకే ముందు, పోషణ తర్వాత అని అందులో రాసి లేదా?

వదిన: ఉంది, చనిపోయినవాడి ఆస్తికి. తండ్రి పోయాక ఆయన వదిలిపోయినదాంట్లో ముందు అప్పులు తీర్చి, తర్వాత ఆధారపడ్డవాళ్ళకి ఇవ్వాలి. అక్కడ కూడా కోర్టు ముందే ఆస్తి మీద ఛార్జి (ఆ ఆస్తి నుంచే ఇవ్వాలన్న హక్కు) పెట్టి ఉంటే ఆ సంగతి వేరు. శీనయ్య నిక్షేపంగా ఉన్నాడు, పొద్దున ట్రంకు రోడ్డులో కనపడ్డాడు కూడా. బతికున్న తండ్రికి ఏది ముందో సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది. వజ్రాల ఫ్యాక్టరీ ఉన్న ఒక భర్త కేసది. భార్యాపిల్లల మనోవర్తి బతుకు హక్కులో భాగమనీ, బ్యాంకులు తాకట్టు ఆస్తులు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కిందా దివాలా కోడు కిందా అప్పులవాళ్ళకు ఉండే హక్కుల కంటే అదే పైదనీ అంది. బ్యాంకుకే ఆ మాట చెప్పినప్పుడు ఫీడు కొట్టు ఏ లెక్క?

మరిది: బాగుంది. అక్కడ ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడ ఏముంది? చెరువులు లీజువి. ఇల్లు బ్యాంకులో. చెరువులో గాలి కొట్టే ఏరియేటర్లు ఎప్పుడో అమ్మేశాడు. పాపను పంక్తిలో అందరికంటే ముందు కూర్చోబెట్టారు వదినా, వడ్డించడానికి వంటింట్లో అన్నం లేదు. ఇంకో మాట. నా కొట్లో నలుగురు పనిచేస్తారు. శీనయ్యకు నోటు మీద రెండు లక్షలిచ్చిన ఒక విధవరాలుంది, ఆమెకీ పిల్లలున్నారు. వాళ్ళ అన్నం అన్నం కాదా?

(ఇక్కడ వదిన వెంటనే జవాబివ్వలేదు. ఇచ్చినట్టు నేను రాయొచ్చు గానీ, ఆ విధవరాలి పిల్లలకు చెప్పే జవాబు చట్టంలో లేదు.)

వదిన: వాళ్ళదీ అన్నమే. కాకపోతే ఆమె శీనయ్యను చూసి ఇచ్చింది, నువ్వు వ్యాపారం చూసి ఇచ్చావు. వద్దనే వీలు మీ ఇద్దరికీ ఉంది. పాపకు ఆ వీలు లేదు. అయినా నువ్వే అన్నం సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నా, అతన్ని ఈ గతికి తెచ్చిందెవరు? క్యాషుకైతే ఒక రేటు, అప్పుకైతే బస్తా మీద ఇంకో రేటు. పంట నువ్వు చెప్పిన బయ్యరుకే పట్టాలని షరతు. వాడు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంతంటే అంత, రేటు ఎంతంటే అంత. పంట వచ్చినా నీకే, పోయినా నీకే బాకీ.

మరిది: ఇదన్యాయం. కంపెనీకి నేను ముందు డబ్బు కట్టి సరుకు తెస్తా. రైతు దగ్గరికొచ్చేసరికి వంద రోజుల అప్పు. రేటు తేడా ఆ వంద రోజులకి. మీ కోర్టోళ్ళు గట్టు మీదికొచ్చి చూశారా ఎప్పుడన్నా? ఆ రోజు తెల్లారుజామున నేనే పోయినా. మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకెత్తితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్యలు ఎర్రబారి గట్టు వారకు వచ్చేస్తున్నాయి. ఒకదాని తల పెంకు తీసి వెలుతురుకు పెడితే తెల్లమచ్చలు. నలభై అయిదో రోజది. అప్పటికప్పుడు వలేసి, ఎంత చిన్న సైజుంటే అంతకే పట్టేశాం. ఆ పంటలో నాకొచ్చింది సున్న. రెండో పంట బాగానే వచ్చింది. సరిగ్గా పట్టుబడి టైముకి, 2025 ఆగస్టులో, అమెరికా వాడు సుంకం 50 శాతం చేశాడు. రేటు పడిపోయింది. అదీ నా తప్పేనా?

వదిన: అమెరికా నీ తప్పని నేనన్నానా?

మరిది: బయ్యరు నా మనిషి అన్నారు!

వదిన: కాదా?

మరిది: ...మా బావమరిది. అయితే ఏం?

వదిన: ఏం లేదు. పాప సంగతికి వద్దాం.

మరిది: రండి. పాపకు శీనయ్య అన్యాయం చెయ్యలేదు. ఐపీ పెట్టడానికి పద్నాలుగు నెలల ముందు రోడ్డు వార అరెకరం పాప పేరున సెటిల్‌మెంటు రాశాడు. మనోవర్తి బాకీ ఎంత, లక్షకు వెయ్యి తక్కువ. అరెకరం విలువెంత? దాంతో సర్దుకోమనండి.

వదిన: ఆ అరెకరం పాపకు మిగలనిస్తావా నువ్వు?

మరిది: నేనేం చేశాను?

వదిన: ఆ 1920 దివాలా చట్టంలోనే 53వ సెక్షను. ఐపీకి ముందు రెండేళ్ళలోపు ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తిని రిసీవరు అడిగితే కోర్టు రద్దు చెయ్యొచ్చు. రిసీవరు చేత అడిగించడానికి మీ లాయరు కాగితం తయారుచేశాడనీ, నువ్వు సంతకం కూడా పెట్టావనీ బార్ అసోసియేషన్ క్యాంటీన్లో అందరికీ తెలుసు. ఒక చేత్తో పాపకు అరెకరం చూపిస్తావు, ఇంకో చేత్తో అదే లాక్కుంటావు.

మరిది: అది... బాకీ రాబట్టుకోవడానికి ఉన్న దారి ఎవరైనా వాడుకుంటారు వదినా.

వదిన: వాడుకో. నేను తప్పుపట్టను, ఆ సెటిల్‌మెంటు మీద నాకూ నమ్మకం లేదు. అందుకే నేను భూమి జోలికి పోలేదు, అతని రెక్కల మీదికి పోతున్నా. శీనయ్య ఇప్పుడు ఏం చేస్తున్నాడు? రామాయపట్నం వైపు ఎవరివో చెరువులకి ఇన్‌ఛార్జిగా ఉన్నాడు. నెలకు పద్దెనిమిదివేలు చేతికిస్తున్నారు, బ్యాంకులో కనపడదు. 2020లో సుప్రీంకోర్టు మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్టులో రాసివ్వాలంది. అందులో పద్దెనిమిదివేలు రాయమను. పిల్లలకు పెట్టడానికి ఆస్తే ఉండక్కర్లేదు, ఒంట్లో సత్తువుంటే కూలి చేసైనా పెట్టాలని 2014లోనే చెప్పారు. తల్లి ప్రైవేటు స్కూల్లో టీచరు కదా, ఆమె పెట్టదా అని నువ్వడగబోతున్నావు. పెడుతోంది. ఇంటద్దె, తిండి, పాప ట్యూషను అన్నీ ఆమె పదకొండువేలల్లోనే. బాగా సంపాదించే తల్లైతే చదువు ఖర్చు ఇద్దరూ పంచుకోవాలని ఆ 2020 తీర్పే చెప్పింది. పదకొండువేలు బాగా సంపాదించడమా? ఐపీ పెట్టినవాడు వడ్డీల టెన్షన్ నుంచి బయటపడ్డాడు, సంతోషం. పాప స్కూలు ఫీజుకి ఐపీ లేదు. ప్రతి జూన్‌లో కట్టాల్సిందే.

మరిది: కట్టకపోతే జైల్లో పెట్టిస్తారు, అంతేగా? మనిషి జైల్లో ఉంటే ఆ పద్దెనిమిదివేలు కూడా పోతాయి. అప్పుడెవరు పెడతారు? పైగా ఐపీ కోర్టు ప్రొటెక్షన్ ఆర్డరిస్తే అరెస్టు చెయ్యకూడదు.

వదిన: ఆ ప్రొటెక్షను జాబితాలోని బాకీల కోసం. మీలాంటివాళ్ళు అరెస్టు చేయించకుండా. మనోవర్తి ఎగ్గొట్టినందుకు మేజిస్ట్రేటు వేసే శిక్షకి అది అడ్డం రాదన్నది నా వాదన. ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు, జైల్లో కూర్చున్నా బాకీ తీరదు.

మరిది: తగిన కారణం లేకుండా ఎగ్గొడితేనే కదా శిక్ష? దివాలా తీయడం కంటే తగిన కారణం ఇంకేముంటుంది?

వదిన: ఆ మాట బలమైందే. అతని లాయరు అదే అంటాడు. మేజిస్ట్రేటు కూడా వింటాడు. కానీ పద్దెనిమిదివేలు సంపాదిస్తూ పాపకి తొమ్మిది వందలైనా పంపనివాడికి ఆ కారణం నిలవదు. జైలు నాకూ ఇష్టం లేదు. అయినా బాకీ వసూలుకి వారెంటు పిటిషను పోయిన వారమే వేశా. ఎందుకంటే ఏడాది దాటిన నెల బాకీకి వారెంటు అడగడానికి లేదు. పదకొండు నెలలయింది, ఇంకో నెల ఊరుకుంటే మొదటి నెల జారిపోయేది.

మరిది: నిజంగా ఇవ్వలేకపోతే?

వదిన: నాగరిక్ సురక్షా సంహితలోనే 146వ సెక్షను ఉంది. పరిస్థితి మారింది, తగ్గించండి అని అదే మేజిస్ట్రేటు దగ్గర అడగాలి. ఐపీ కాగితాలు అక్కడ పనికొస్తాయి. తొమ్మిదివేలు అయిదో ఆరో చెయ్యొచ్చు. అడగకుండా ఐపీ పెట్టి కూర్చుంటే ఉత్తర్వు ఉత్తర్వులాగే ఉంటుంది, నెల తిరిగేసరికి ఇంకో తొమ్మిదివేలు ఎక్కుతాయి.

మరిది: ఇది వాడికి మీరే చెప్పొచ్చుగా.

వదిన: నేను ఎదుటి పక్షం లాయర్ని, నేనెట్టా చెప్తా? సాయంత్రమైతే టీ అంగడి దగ్గర కలుస్తారుగా, నువ్వు చెప్పు.

మరిది: నేనా? చెప్తే పాపకి నెలనెలా ఎంతో కొంత పోతుంది. నాకేమొస్తుంది?

వదిన: రిసీవరు పంచినప్పుడు నీ వాటా నీకొస్తుంది. ప్రూఫ్ వేశావా?

మరిది: ఏం ప్రూఫ్? జాబితాలో నా పేరుంది కదా.

వదిన: పేరుంటే చాలదు. ఇంత రావాలని అఫిడవిట్టు వేసి రుజువు చెయ్యాలి. బిల్లులు, ఖాతా నకలు, నోటు ఉంటే నోటు, అన్నీ జతచెయ్యాలి.

మరిది: మా లాయరు చెప్పలేదే!

వదిన: అరెకరం పిటిషనుకి సంతకం మాత్రం పరిగెత్తించి తీసుకున్నాడు. పోయి అడుగు.