మొటిమలొచ్చిన ముఖం మాడిన గిన్నె కాదు, పీచు పెట్టి తోమడానికి

సంక్రాంతి సెలవులకి మా వాడు హాస్టల్ నుంచి వచ్చాడు. ఇంటర్ మొదటి సంవత్సరం, విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీ. తెనాలి బస్టాండ్‌లో వాడు దిగుతుంటే ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాను. దసరాకి వచ్చినప్పుడు నుదుటి నిండా, బుగ్గల మీదా మొటిమలున్నాయి. ఈసారి మొటిమలు తక్కువే. కానీ ముఖమంతా కందిపోయి ఎర్రగా ఉంది. చర్మం ఉల్లిపొరలా పల్చబడి మెరుస్తోంది. ఆటో ఎక్కేలోపే "ఎండ తగిలితే మండుతోందమ్మా" అని చేయి అడ్డం పెట్టుకున్నాడు. జనవరి ఎండ అది, అదేమంత ఎండ!

రాత్రి బట్టలు తీద్దామని బ్యాగు ఖాళీ చేస్తుంటే జామెట్రీ బాక్సులో ట్యూబు దొరికింది. బొటనవేలంత ఉంది. అడుగు నుంచి నొక్కి నొక్కి చుట్టేసి ఉంది, అంటే అది మొదటి ట్యూబు అయ్యుండదు. ఫోన్ లైటు వేసుకుని ఆ చీమ తలకాయంత అక్షరాలు చదివాను. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటాసోన్. పక్కన నిలువుగా ఎర్ర గీత, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందని గుర్తు.

"ఎవరిచ్చార్రా?" అంటే, "మా రూమ్‌మేట్ చెప్పాడు. కాలేజీ ఎదురుగా మెడికల్ షాపులో మొటిమలకి అంటే ఇదే ఇచ్చారు. నాలుగు రోజుల్లో తగ్గిపోయాయమ్మా. మానేస్తే మళ్ళీ డబుల్ వస్తున్నాయి. అందుకే రోజూ రాస్తున్నా" అన్నాడు. మూడు నెలలుగా రాస్తున్నాడు, పదహారేళ్ళ పిల్లాడు. చీటీ అడిగిన వాడు లేడు, "ఎన్ని రోజులు రాస్తున్నావు బాబూ" అని అడిగిన వాడూ లేడు.

ఈ పోస్ట్ అందుకే రాస్తున్నాను. మీ ఇంట్లో పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలుంటే ఇవాళే వాళ్ళ ముఖానికి రాసుకునే ట్యూబులన్నీ తీసి పేర్లు చదవండి. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. మావాడి దగ్గర దొరికిన మూడు మందుల మిశ్రమం మొటిమల కోసం చేసింది కాదు. పెద్దవాళ్ళకి మంగు మచ్చలొస్తే డాక్టరు చూసి, కొన్ని వారాలకి మాత్రమే రాసిచ్చే మందు. స్టెరాయిడ్ రాయగానే వాపూ ఎరుపూ రెండు మూడు రోజుల్లో అణిగిపోతాయి, పైగా కాస్త తెల్లబడినట్టు కనిపిస్తుంది. పిల్లలు పడిపోయేది అక్కడే. తర్వాత చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, ముఖం మీద రోమాలు పెరుగుతాయి, అసలు ఆ స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలొస్తాయి. మానేస్తే మంట, ఎరుపు, దురద ఒక్కసారిగా తిరగబెడతాయి. ఆ బాధ తట్టుకోలేక మళ్ళీ రాస్తారు. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే, ఇక్కడి చర్మ వైద్యులే దీనికి "టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్" అని ఒక పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పూత మందుల్లో వాడే 14 స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎక్కడ ఆగుతోంది? చాక్లెట్ కొన్నట్టు కొనుక్కొస్తున్నారు పిల్లలు.

షాపువాడి మీద నాకు కోపం ఉంది. కానీ మావాడు ఆ షాపు మెట్లెక్కే దాకా ఎందుకొచ్చాడో కూడా చెప్పాలి. దసరా పది రోజులూ ఇంటికొచ్చిన ప్రతి మనిషీ వాడి ముఖం గురించే మాట్లాడారు. "ఏంట్రా, ముఖం అలా అయిపోయింది?" "సరిగ్గా కడుక్కోవట్లేదా?" "వేడి చేసుంటుంది, సబ్జా నీళ్ళు తాగు." వాడి ఎదురుగానే, వాడు అన్నం తింటుంటే. నేనూ ఊరుకోలేదు. శనగపిండిలో నిమ్మకాయ పిండి, రోజు విడిచి రోజు వాడిని పీట మీద కూర్చోబెట్టి రుద్దాను. "మండుతోందమ్మా" అంటే "మండితేనే పనిచేస్తున్నట్టు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది.

గుంటూరులో చర్మం డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ వాడి ముఖం చూసి, ట్యూబు చూసి, నన్నొకటే అడిగారు: "మొటిమ అంటే మురికి అనుకుంటున్నారా?" అవును, నేనే కాదు, మనందరం అలాగే అనుకుంటాం. అది తప్పు. ఈ వయసులో ఒంట్లో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి, మగపిల్లల్లో మరీ ఎక్కువ. వాటివల్ల చర్మం కింద నూనె గ్రంథులు ఎక్కువ నూనె చేస్తాయి. వెంట్రుక మొదట్లో ఉండే సన్నటి గొట్టంలో చచ్చిన కణాలు ఊడి బయటికి రాకుండా ఆ నూనెతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే ఒక బ్యాక్టీరియా అక్కడ పెరుగుతుంది, వాపు వస్తుంది. ఇదంతా లోపల జరుగుతుంది. పైన ఎంత తోమినా అక్కడికి చేరదు. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది కూడా మట్టి వల్ల కాదు, గాలి తగిలి, చర్మపు రంగు కలిసి అలా నల్లబడుతుంది. ఈ వయసు పిల్లల్లో నూటికి 80 మందికి పైగా ఎంతో కొంత వచ్చేదే. నా కొడుకు శుభ్రంగా లేడని కాదు, పెరుగుతున్నాడని.

ఇంకో విషయం విన్నాక నాకు చాలా అర్థమైంది. ఇవాళ పైకి కనిపించిన మొటిమ ఇవాళ మొదలైంది కాదు. కొన్ని వారాల క్రితమే లోపల కంటికి కనపడకుండా మొదలవుతుంది. అందుకే నిజమైన మందు ఏదైనా 8 నుంచి 12 వారాలు పడుతుంది. నాలుగు రోజుల్లో తగ్గిందంటేనే అనుమానించాలి. మన పిల్లలకి ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే సగం ట్యూబులు కొనరు.

ఇక నిమ్మకాయ సంగతి. మన చర్మం పై పొర కొద్దిగా పులుపు స్వభావంలో ఉంటుంది, పీహెచ్ 5 అటూ ఇటూ. నిమ్మరసం 2 దగ్గర. మనం వాడే మామూలు ఒంటి సబ్బు 9, 10. ఒక రోజు అటు లాగి, ఒక రోజు ఇటు లాగితే పై పొర చిట్లుతుంది. చిట్లిన చర్మం మీద ఏది రాసినా మంటే. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలూ నల్ల మచ్చలూ పడతాయి కూడా. టూత్‌పేస్ట్, వంటసోడా, వాల్‌నట్ పొట్టు ఉండే స్క్రబ్బులు అన్నీ అదే బాపతు. సున్నిపిండిని తిట్టట్లేదు, పండక్కి ఒంటికి పెట్టుకుంటే నాకూ ఇష్టమే. ఉబ్బి చీముపట్టిన ముఖం మీద మాత్రం ఏ పిండీ రుద్దొద్దు.

డాక్టరు గారు మొదటి నెలంతా ఇచ్చినవి మూడే. నురగ ఎక్కువ రాని, వాసన లేని మెత్తటి ఫేస్‌వాష్, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, అంతే. వేళ్ళతోనే, గోళ్ళు తగలకుండా. తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం. రెండోది తేలికపాటి మాయిశ్చరైజర్. "జిడ్డు ముఖానికి మళ్ళీ క్రీమా?" అని నేనడిగాను, మీరూ అడుగుతారు. జిడ్డుగా ఉన్న చర్మం కూడా పొడిబారి పగులుతుంది, ముఖ్యంగా మందులు మొదలుపెట్టాక. డబ్బా మీద నాన్ కామెడోజెనిక్ అని ఉన్నది చూసుకోండి, రంధ్రాల్ని మూసెయ్యదని దానర్థం. మూడోది జెల్ రకం సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 చాలు. మన చామనఛాయ చర్మాలకి మొటిమ కంటే మచ్చ ఎక్కువ కాలం ఉంటుంది, నెలల తరబడి. ఎండ తగిలితే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది. "మగపిల్లాడికి సన్‌స్క్రీనేంటి" అని మా బావగారు అన్నారు. చర్మానికి ఆడా మగా ఉండదు బావగారూ.

స్టెరాయిడ్ మానేసిన మొదటి మూడు వారాలు నరకం. ముఖం ఉబ్బి, రసి కారి, రాత్రిళ్ళు దురదకి నిద్రపోయేవాడు కాదు. ఆ క్రీముని ఎలా మాన్పించాలో, మధ్యలో ఏం వాడాలో డాక్టరు గారే దగ్గరుండి చెప్పారు. మీ పిల్లలు ఇప్పటికే అలాంటి క్రీము వాడుతుంటే సొంతంగా ఏదీ చెయ్యకండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

చర్మం కుదుటపడ్డాకే అసలు మొటిమల మందు మొదలైంది. రాత్రి అడాపలీన్ జెల్, ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. ఎక్కువ శాతం అంటే ఎక్కువ గుణం అనుకుని నేను 5 శాతం అడిగాను. 2.5 శాతం దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ అన్నారు. అడాపలీన్ మొటిమ మీద చుక్క పెట్టేది కాదు, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాయాలి, మొదట్లో రోజు విడిచి రోజు. మా వాడి నీలం దిండు గలీబు మీద ఇప్పుడు తెల్లటి మరకలున్నాయి, బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. తెల్ల గలీబులు, తెల్ల తువ్వాలు కొనిచ్చాను. ఇవి మా వాడికి డాక్టరు రాసినవి. మీ పిల్లల ముఖం వేరు, అక్కడ చూపించి రాయించుకోండి.

హాస్టల్లో ఇదంతా కుదురుతుందా అంటే కష్టమే. పొద్దున్నే లేపి స్టడీ అవర్, బోరు ఉప్పు నీళ్ళు, బాత్రూమ్ దగ్గర క్యూ, నిద్ర అయిదు గంటలు. అందుకే డాక్టరు రాసిన మందులు కాక మూడు వస్తువులకి మించి ఇవ్వకూడదు. రీల్స్ చూసి పిల్లలు టోనర్, సీరమ్, ఆ యాసిడ్, ఈ విటమిన్ అని పది సీసాలు అడుగుతున్నారు. పన్నెండేళ్ళ పాపలు ముడతలు తగ్గించే రెటినాల్ అడుగుతున్నారు! ఆ పసి బుగ్గ మీద ముడత ఎక్కడుందండీ? నాలుగు రకాల యాసిడ్లు ఒకే రాత్రి పూస్తే మొటిమ పోదు, చర్మం కాలుతుంది. నేను వాడికి చెప్పినవి చిన్న పనులు. వారానికి రెండుసార్లు గలీబు మార్చు. తలకి కొబ్బరినూనె పెట్టుకుంటే తలస్నానం ముందు ఒక గంట పెట్టుకో, రాత్రంతా కాదు, అది నుదుటి మీదికి దిగి రంధ్రాలు మూస్తుంది. గిల్లకు. గిల్లితే లోపలి చీము ఇంకా లోపలికి పోయి గుంట పడుతుంది, మచ్చ పోతుంది కానీ గుంట పోదు.

తిండి గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే తిండి పేరుతో పిల్లల్ని తిట్టడం మనకి అలవాటు. తీపి డ్రింకులు, బిస్కెట్లు, మైదా బాగా తింటే కొందరికి ఎక్కువవుతాయి. పాలకీ, జిమ్ములో తాగే వే ప్రొటీన్‌కీ కొందరిలో సంబంధం కనిపించింది. అంతే. ఆవకాయ తిన్నావు కాబట్టే వచ్చిందని పళ్ళెం ముందు పిల్లాడిని ఏడిపించొద్దు.

గట్టి గడ్డల్లా వచ్చి నొప్పి పెడుతుంటే, గుంటలు పడుతుంటే, ఆడపిల్లకి నెలసరి సరిగ్గా రాకుండా గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే అసలు ఆలస్యం చెయ్యకండి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు అద్దం చూడటం మానేసినా, ఫొటోకి రానన్నా, పెళ్ళిళ్ళకి ఎగ్గొడుతున్నా "వయసు మొటిమలు, అవే పోతాయి" అని కొట్టిపారెయ్యొద్దు. మా వాడు నాలుగు నెలలు వీడియో కాల్‌లో కెమెరా ఆన్ చెయ్యలేదు. నెట్ సరిగ్గా లేదన్నాడు. నేను నమ్మాను.

ఇప్పుడు జూన్. నుదురు దాదాపు శుభ్రపడింది. బుగ్గల మీద గోధుమ రంగు మచ్చలున్నాయి, కుడి బుగ్గ మీద ఎర్ర నరాలు ఇంకా కనిపిస్తున్నాయి. టైము పడుతుందన్నారు. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. కెమెరా ఆన్ చేసే చేశాడు.

వచ్చే నెల మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. వాడు వస్తానన్నాడు. మా అత్తయ్యగారి దగ్గర్నుంచి మా పిన్ని దాకా అందరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను, వాడి ముఖం గురించి ఒక్కరు కూడా ఒక్క మాట అనొద్దని, బాగుందని కూడా అనొద్దని. "మరి ఏం మాట్లాడాలమ్మా?" అంది మా పిన్ని. అన్నం తిన్నావా అని అడుగు పిన్నీ, చాలు.