చేతులు లేని బొమ్మ

మిల్లే అనే ఫ్రెంచి చిత్రకారుడు 1857లో వేసిన బొమ్మ ఒకటుంది, కోతలైపోయిన చేలో ముగ్గురు ఆడవాళ్ళు పరిగె ఏరుకుంటుంటారు. అది చూసినప్పటి నుంచీ నాకొకటే పురుగు, మన గుంటూరులో పరిగె కాకపోతే మిరపకాయలున్నాయి కదా అని. మిర్చి యార్డు దగ్గర ఒక గోడౌన్‌లో తొడిమలు తీసేవాళ్ళకి ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నా. తుమ్ములు, దగ్గు సంగతి వదిలేయండి, మూడు రోజుల్లో బొమ్మ పూర్తయింది. ఎర్రటి రాశి, చుట్టూ అయిదుగురు, తలకి గుడ్డలు. భలే కుదిరిందనుకున్నా.

వాళ్ళలో పెద్దావిడ వచ్చి చూసి, "బానే ఉందిగానీ, మా చేతులేవయ్యా?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు చేతులు వేయడం రాదు. వేళ్ళు గీస్తే బెండకాయలొస్తాయి. అందుకే అందరి చేతులూ మణికట్టు దాకా కాయల్లో పూడ్చేశా.

"మరి తొడిమలు ఎట్టా తీస్తన్నాం, నోటితోనా?" అంది ఇంకొకావిడ. గోడౌనంతా ఒకటే నవ్వు. పరువు పోయి ఫోన్‌లో మిల్లే బొమ్మ మళ్ళీ చూశా. ఆయన మొహాలు నీడలో వదిలేసి చేతులు చూపించాడు, ఒకావిడైతే ఏరిన వెన్నులు వీపు వెనక పట్టుకున్న చెయ్యితో సహా!

"ఒక్క పది నిమిషాలు చెయ్యి కదపకుండా ఉంచమ్మా, గీసుకుంటా."

"మాకు కిలోల లెక్కయ్యా. నా బదులు నువ్వు తీయి, ఎంతసేపైనా ఉంచుతా."

న్యాయమే కదా అని కూర్చున్నా. ఆవిడ చెయ్యి చాపి కూర్చుంది, నేను తొడిమలు తీస్తున్నా, మరి బొమ్మ గీసేదెవరన్నది నాకు తట్టలేదు (ఆవిడకి ముందే తట్టిందని ఇప్పుడు నా అనుమానం). పైగా అవి తేజ కాయలు, మహా ఘాటు రకం. అరగంటకి అరకిలో కూడా తేలలేదు, ఈలోగా చెమట తుడుచుకుందామని చెయ్యి కంటి దాకా పోనిచ్చా.

ఆ తర్వాత జరిగిందేదీ నేను చూడలేదు, విన్నానంతే. అయిదుగురూ పని ఆపి నా మొహాన బిందెలతో నీళ్ళు కొట్టారు. "ఇయ్యాళ మన కూలి ఈయన కళ్ళల్లోకే పోయింది" అంటోంది పెద్దావిడ. పోతుంటే, "చేతులకి నీళ్ళు పనిచెయ్యవు, మజ్జిగలో పెట్టుకో" అని చెప్పింది.

రాత్రి మా ఆవిడ ముద్దలు కలిపి పెడుతూ నాకేసి, గోడకానించిన బొమ్మకేసి మార్చి మార్చి చూసింది. నా చేతులు రెండూ మణికట్టు దాకా మజ్జిగ గిన్నెలో ఉన్నాయి.