ఖాళీగా పడుకున్న పిల్లవాడు: ఒక హెచ్చరిక

కుళాయిలో నీళ్లు రాకపోతే ఎవరికి చెప్పుకోవాలో మనకు తెలుసు. కరెంటు పోతే ఎవరిని తిట్టాలో ఇంకా బాగా తెలుసు. కానీ వేసవి సెలవుల్లో, పట్టపగలు, పనీ పాటా లేకుండా గచ్చు మీద వెల్లకిలా పడుకుని ఫ్యాన్ వంక చూస్తున్న ఆరేళ్ల పిల్లవాడి మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి? ఇంత పెద్ద సమస్యకి ఒక టోల్‌ఫ్రీ నంబరు కూడా లేకపోవడం విచారకరం. బాధ్యత గల పౌరుడిగా నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

సమస్య ఎంత ముదిరిందో తెలియాలంటే పిల్లలున్న ఏ ఇంటి ముందైనా పొద్దున్నే కాసేపు నిలబడండి. "అమ్మా, బోర్ కొడుతోందీ..." అని ఒక రాగం వినిపిస్తుంది. అది వినగానే తల్లి చేతిలో పని వదిలేస్తుంది. తండ్రి కంగారుగా రంగు పెన్సిళ్లు వెతుకుతాడు. పిల్లకి బోర్ కొట్టిందంటే మన పెంపకంలోనే ఎక్కడో లోపముందని ఈ తరం తల్లిదండ్రులం మూకుమ్మడిగా ఒప్పేసుకున్నాం మరి. పాతకాలం పెద్దవాళ్లు ఇదే మాటకి "అయితే ఆ ఆరిన బట్టలు తెచ్చి మడతపెట్టు" అనేవారు. బోరు అక్కడికక్కడే వదిలిపోయేది, మళ్లీ వారం దాకా ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. కానీ పైసా ఖర్చు లేని వైద్యాన్ని నాగరిక సమాజం ఎలా నమ్ముతుంది?

అందుకే మనం టైమ్‌టేబుల్ వేశాం. సెలవులిచ్చిన రోజు రాత్రే స్కేలు పట్టుకుని, నాలుగు రంగుల్లో గడులు కొట్టి వేశాం. సృజనాత్మకత: 10.30 నుంచి 11.15 వరకు. కుతూహలం: మంగళ, గురువారాలు. స్వేచ్ఛగా ఆడుకోవడం: సాయంత్రం 5.00 నుంచి 5.20 వరకు, పెద్దల పర్యవేక్షణలో. ఈ మహత్తర పత్రానికి పిల్లల వంతు సాయంగా ఓ మూల డైనోసార్ బొమ్మ చేరింది. ఇప్పటివరకు ఆ కాగితం మీద అనుకున్నట్టు జరిగినది ఆ డైనోసార్ ఒక్కటే.

టైమ్‌టేబుల్ అతికించేది ఫ్రిజ్ తలుపు మీదే కాబట్టి ఆ తలుపు సంగతి కూడా చూడాలి. వేసవిలో పిల్లలు ఫ్రిజ్ తెరిచేది ఏదో తీసుకోవడానికి కాదు, అందులో తల పెట్టి ఆలోచించుకోవడానికి. ఇది భౌతికశాస్త్రానికే విరుద్ధం. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని లాగి బయటికి తోస్తుంది. దానికి తోడు మోటారు పుట్టించే వేడి ఒకటి. కాబట్టి మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే చివరికి గది వేడెక్కుతుందే తప్ప చల్లబడదు. ఈ ముక్క పిల్లలకు చిలక్కి చెప్పినట్టు చెప్పాలి. చాలా శ్రద్ధగా వింటారు. చెప్పినంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది.

అసలు ఈ వేసవి ఎందుకొస్తుందని వాళ్లు అడక్కుండా చూసుకోవడం మంచిది. సూర్యుడికి దగ్గరవడం వల్లే అని చెప్పి తప్పించుకుందామంటే కుదరదు. ఉత్తరార్ధగోళం ఉడికిపోయే జూలై మొదట్లోనే భూమి సూర్యుడికి అన్నిటికంటే దూరంగా ఉంటుంది, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. జనవరి మొదట్లో ఆ దూరం 14.7 కోట్లే. ఎండకి కారణం దూరం కాదు, భూమి తన కక్ష్యలో దాదాపు 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటం. ఇంత కష్టపడి చెబితే "మరి భూమిని నిటారుగా నిలబెట్టొచ్చుగా, నాన్నా?" అంటుంది నాలుగేళ్ల పిల్ల. ఇలాంటి ప్రశ్నలకి టైమ్‌టేబుల్‌లో గడి లేదు. ఇవాళ సోమవారం, కుతూహలం రేపు.

ఇక ఎండలోకి వెళ్లాలంటే సన్‌స్క్రీన్ రాయాలి. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) 30 రకం చర్మాన్ని కాల్చే కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది, 50 రకం 98 శాతాన్ని. ఆ ఒక్క శాతం కోసం భార్యాభర్తలు షాపులో అరగంట వాదించుకుంటారు. ఇంటికొచ్చాక పరిగెత్తే పిల్లని పట్టుకుని రాస్తే సగం గోడకి, సగం సోఫాకి అంటుతుంది. రెండు గంటలకోసారి మళ్లీ రాయమని డబ్బా మీద ఉంటుంది. ఆ డబ్బా మీద రాసినవాళ్లకి పిల్లలు లేరని నా గట్టి నమ్మకం.

(ఒక్క మాట మాత్రం వేళాకోళం కాదు. చిన్నపిల్లల శరీరం బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, చెమట తక్కువ. అందుకే పెద్దవాళ్ల కంటే త్వరగా వేడెక్కిపోతారు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీలకు పైగా వేడి పెరుగుతుంది, అద్దం కాస్త దించినా పెద్దగా లాభం లేదు. "ఇప్పుడే వచ్చేస్తా" అని పిల్లల్ని కారులో వదిలి వెళ్లకండి. సరే, మళ్లీ మన గొడవలోకి వద్దాం.)

బయట ఎండ కాబట్టి ఇంటిల్లిపాదీ ఏసీ గదిలో చేరతారు. 1902లో విల్లిస్ క్యారియర్ ఈ యంత్రానికి రూపకల్పన చేసింది మనుషుల కోసం కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో గాలి తేమకి కాగితాలు సాగి రంగులు సరిగ్గా పడటం లేదని. కాగితాలు ఒకే గదిలో ఎంతసేపున్నా కొట్టుకోవు. పైగా వాటికి రిమోట్ అందదు. ఈ తేడాని ఎవరూ ముందుగా ఆలోచించినట్టు లేదు.

అదే గదిలో ఫోన్ల సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకి గంటకు మించి తెర ముందు కూర్చోకూడదు. ఆ మార్గదర్శకాలు అయిదేళ్లలోపు వాళ్లకే. ముప్ఫై అయిదేళ్లవాళ్ల గురించి అందులో ఒక్క ముక్కా లేదు. "ఇంక చాలు, ఫోన్ పెట్టెయ్" అనే ఆజ్ఞని తల ఎత్తకుండా జారీ చేసే అధికారం మనకి అక్కడి నుంచే సంక్రమించింది.

ఇలాంటి వాతావరణంలో పిల్లల్ని కాపాడేది సమ్మర్ క్యాంపులే. ఇంట్లో నోరు మూయించలేక మనం తల పట్టుకునే పిల్లకి అక్కడ డబ్బు కట్టి మాట్లాడటం నేర్పిస్తున్నాం. నలుగురు పెద్దల్ని వేలి మీద ఆడించే మూడేళ్లవాడికి నాయకత్వ శిక్షణ ఇప్పిస్తున్నాం. ఇసుకలో ఆడే తరగతి కూడా ఉంది. ఇసుక శుభ్రమైనదట, ఆట పద్ధతిగా ఉంటుందట. చివరి రోజు సర్టిఫికెట్ ఇస్తారు. ఫొటో తీసి బంధువులందరికీ పంపాక ఆ సర్టిఫికెట్‌తో వాడు పడవ చేసుకుంటాడు.

ఇవన్నీ అనవసరం అనేవాళ్లకి నేను శాస్త్రం చూపిస్తాను. అమెరికా పరిశోధకుడు హ్యారిస్ కూపర్ బృందం 1996లో 39 అధ్యయనాలను కలిపి చూసి, వేసవి సెలవుల్లో పిల్లలు సగటున నెల రోజుల చదువు నష్టపోతారనీ, లెక్కల్లో నష్టం ఎక్కువనీ తేల్చింది. అందుకే హాలిడే హోంవర్క్. రెండు నెలలు అటక మీద ఉండి, బడి తెరిచే ముందు రాత్రి కిందికి దిగుతుంది. అమ్మ థర్మాకోల్ కోస్తుంది, నాన్న ఎక్కాలు రాస్తాడు, పిల్లలు నిద్రపోతారు. వేసవిలో తల్లిదండ్రుల లెక్కలు ఏమాత్రం పాడవకపోవడం ఈ విధానం సాధించిన విజయం.

పిల్లల్ని ఖాళీగా వదిలితే ఏమవుతుందో చరిత్రే చెబుతుంది. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే 11 ఏళ్ల కుర్రాడు గ్లాసులో తీపి పొడి, నీళ్లు కలిపి, కలిపిన పుల్ల అందులోనే వదిలేసి, గ్లాసుని రాత్రంతా బయటే పెట్టేశాడట. చలికి అది గడ్డకట్టింది. పుల్ల ఐసు పుట్టింది, 1924లో పేటెంటూ వచ్చింది. ఎంత ఘోరమైన క్రమశిక్షణా లోపమో గమనించండి. గ్లాసు కడగలేదు. తీసిన వస్తువు తీసినచోట పెట్టలేదు. "గ్లాసు లోపల పెట్టావా?" అని రాత్రి ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగని ఫలితం ఇవాళ ప్రతి ఇంట్లో చొక్కాల మీద మరకలై కనిపిస్తోంది.

పెద్దయ్యాక బాగుపడతారులే అనుకోవడానికీ లేదు. 1982లో లానీ జాన్సన్ అనే నాసా ఇంజనీరు, బుద్ధిగా ఉద్యోగం చేసుకోకుండా, నీటితో పనిచేసే హీట్ పంపు (వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోసే యంత్రం) చేద్దామని ఇంట్లో ఏదో కెలుకుతున్నాడు. స్నానాల గదిలో గొట్టం నుంచి నీళ్లు రివ్వున చిమ్మాయి. హీట్ పంపు పక్కకి పోయి, తర్వాత 'సూపర్ సోకర్' అని పేరుపడిన నీళ్ల తుపాకీ 1990 నాటికి బజారుకొచ్చింది. మధ్యాహ్నం కునుకు తీస్తూ తడిసి ముద్దైన తండ్రులందరి తరఫున నేనిక్కడ నిరసన తెలుపుతున్నాను.

ఆ మధ్యాహ్నం కునుకే అసలు ప్రమాద ఘడియ. పిల్లని జోకొడుతూ తల్లి నిద్రపోతుంది. తల్లిని చూసి తండ్రి నిద్రపోతాడు. పిల్లలు లేచి జారుకుంటారు. తర్వాత ఇంట్లో చడీ చప్పుడూ ఉండదు. పిల్లలున్న ఇంట్లో నిశ్శబ్దం కంటే అనుమానించదగ్గది ఇంకోటి లేదు. లేచి చూస్తే ఇల్లు పీకి పందిరి వేసి ఉంటారు. నాలుగు కుర్చీలు, మూడు దుప్పట్లు, బట్టల క్లిప్పులన్నీ ఖర్చు. లోపల ఒక రాజ్యం, దానికో రాణి, పన్నులు, ఒక ఖైదీ (పక్కింటివాళ్ల అబ్బాయి). మూడు గంటలుగా ఒక్కరూ బోర్ కొడుతోందని అనలేదు. శిక్షకుడు లేడు, ఫీజు లేదు, పాఠ్యప్రణాళిక అసలే లేదు. ఇలాంటి అనధికార సంస్థలు మన దుప్పట్లతోనే నడుస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?

కాబట్టి వచ్చే వేసవికి నా ప్రతిపాదన ఇది. ఖాళీ సమయాన్ని పూర్తిగా నిర్మూలించలేమని తేలింది గనక, దాన్ని క్రమబద్ధం చేద్దాం. 'బోర్ కొట్టించుకోవడం, ప్రాథమిక స్థాయి' పేరుతో ఆరు వారాల కోర్సు. రోజూ మధ్యాహ్నం 2.00 నుంచి 2.45 వరకు, ఇద్దరు అనుభవజ్ఞుల సమక్షంలో పిల్లలు వెల్లకిలా పడుకుని పైకి చూడాలి. గచ్చు ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి, ఫ్యాన్ మేమిస్తాం. రెండో వారం నుంచి దుప్పటి పరిచయం, పెద్దలు ముందుగా ఆమోదించిన రెండు ఆకారాల్లో మాత్రమే. అన్నదమ్ములిద్దరినీ చేర్పిస్తే ఫీజులో రాయితీ ఉంది. సీట్లు పరిమితం.