అంబాసిడర్ ఇంజనుకు లక్షన్నర పెడితే తప్పేంటి?

2017లో ఫ్రాన్స్ కార్ల కంపెనీ ప్యూజో అంబాసిడర్ అనే పేరును 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. కొన్నది పేరు మాత్రమే. దాంతో ఒక్క నట్టు రాలేదు, ఒక్క డోరు హ్యాండిల్ రాలేదు. అప్పటికి మూడేళ్ల కిందటే, 2014 మేలో, పశ్చిమ బెంగాల్‌లోని హిందుస్తాన్ మోటార్స్ వారి ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఈ బండ్ల తయారీ ఆగిపోయింది. ఆ 80 కోట్ల బేరం వార్త చదివి అందరం తలూపాం. అదే పేరు మోస్తున్న మా బండి ఇంజన్ బాగుచేయించడానికి లక్షన్నర పెడుతున్నానంటే మాత్రం ఇంట్లో పంచాయతీ పెట్టారు.

బండి 1974 మార్క్ 2. నాన్న సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. రెండేళ్లుగా ఆయిల్ తాగుతోంది. పొద్దున స్టార్ట్ చేస్తే ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకునేంత పొగ. ఇంజన్ దించక తప్పదని తేలాక మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, బండి మొత్తం అమ్మినా లక్ష రాదు. ఇంజనుకే లక్షన్నరా? ఆ డబ్బు డౌన్ పేమెంట్ కట్టి కొత్త కారు తెచ్చుకో" అన్నాడు. అతను బ్యాంకులో పనిచేస్తాడు. లెక్కల మనిషి. కాబట్టి లెక్కల్లోనే మాట్లాడుకుందాం.

10 లక్షల కొత్త కారు కొన్నామనుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లు బండి విలువ కట్టడానికి వాడే తరుగుదల పట్టిక ఒకటుంది. ఆరు నెలలు దాటితే 15 శాతం పోతుంది. ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40. నాలుగు దాటి ఐదో ఏడు నిండేసరికి సగం పోయినట్టే. అంటే 5 లక్షలు గాలిలో కలిసిపోయాయి. మొత్తం లోన్ మీద తీసుకుంటే, 9 శాతం వడ్డీకి ఐదేళ్లలో బ్యాంకుకు కట్టే వడ్డీ ఇంకో రెండు లక్షల నలభై ఐదు వేలు. లైఫ్ ట్యాక్స్ సంగతి వదిలేయండి. ఐదేళ్లలో ఏడున్నర లక్షలు కరిగిపోతే దాన్ని దండగ అని ఎవరూ అనరు. పైగా స్వీట్లు పంచుతాం, పూజ చేయించి నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. ఇందులో ఐదో వంతు పెట్టి, ఉన్న బండిని బతికించుకుంటే దండగ!

తేడా ఎక్కడొచ్చిందంటే, పాత బండి ఖర్చును ఆ బండి అమ్మకపు ధరతో పోలుస్తాం. కొత్త బండి నష్టాన్ని దేనితోనూ పోల్చం. ఇంటి పైకప్పు కారుతుంటే, ఈ ఇల్లు అమ్మితే ఎంతొస్తుందో చూసి అప్పుడు బాగుచేయిస్తామా? అమ్మే ఉద్దేశం లేని వస్తువుకు అమ్మకపు ధర చూపించి వాదించడమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. లక్షన్నర పెట్టి చేయించిన ఇంజన్ వల్ల బండి రేటు లక్షన్నర పెరగదు. నిజమే. పెరగాలని నేను అడగలేదు కదా. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగే బండికి, సరిగ్గా చేసిన ఇంజన్ నా జీవితకాలానికి సరిపోతుంది.

బావమరిది రెండో సలహా ఇంకా చవకైనది. "ఏ స్క్రాపులోనో ఇంకో ఇంజన్ పట్టుకుని ఎక్కించెయ్." చెన్నైలో పాత బండి సామాన్ల బజారు పుదుపేటలో వెతికితే దొరుకుతుందేమో కూడా. కానీ ఆర్‌సీ మీద ఒక ఇంజన్ నంబరుంది. బ్లాకు, అంటే ఇంజన్ మొండెం, మారితే ఆ నంబరు మారుతుంది, ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగాలి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే 'వీఏ' సిరీస్ నంబరిస్తారు. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చేసినవి ఆ లెక్కలోకి రావు. ఆ నంబరుకు 20 వేలు కట్టాలి, కట్టాక రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. నాకు ఆ ఉద్దేశం లేదు. కూరగాయలకు కూడా బండేసుకునే వెళతాను. అయినా ప్రభుత్వమే విలువ దేనికిస్తోందో గమనించండి, పుట్టినప్పటి ఇంజనుకి.

ఆ ఇంజన్ కూడా అంత తీసిపారేసేదేం కాదు. 1489 సీసీ, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబమే, ఇదే సీసీ. ఇంగ్లండ్‌లో ఎంజీఏ ఉన్న పెద్దమనిషి ఇంజన్ దించితే అభిరుచి అంటారు, గుంటూరులో అంబాసిడర్ ఉన్నవాడు దించితే పిచ్చి అంటారు.

ఇప్పుడు నాకు నిజంగా ఇష్టమైన భాగానికి వస్తాను. విజయవాడ ఆటోనగర్‌లో ఓ లేత్ షాపు. మేస్త్రికి అరవై దాటాయి. కాస్టిక్‌లో ఉడికించి కడిగిన బ్లాకును బల్ల మీద పెట్టి, బోరును, అంటే పిస్టన్ ఆడే గొట్టాన్ని, కొలిచే గేజి లోపలికి దించి, పైనా మధ్యలో కింద తిప్పి చూశాడు. బోరు అరుగుదల అంతటా ఒకేలా ఉండదు, పిస్టన్ పైకి వెళ్లి రింగులు వెనక్కి తిరిగేచోట ఎక్కువ. "నలభై కూడా అయిపోయింది సార్. ఇక స్లీవులే" అన్నాడు. లేత్ షాపుల్లో లెక్క అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది. బోరు అరిగినప్పుడల్లా కాస్త తొలిచి పది సైజు, ఇరవై, ముప్ఫై, చివరికి నలభై సైజు పిస్టన్లు వేస్తారు. నలభై అంటే మిల్లీమీటరు పైన పిసరంత. అది కూడా అయిపోతే పోత ఇనుప స్లీవ్ దించి మళ్లీ మొదటి నుంచి తొలుస్తారు. అంటే బోరు 1974లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి 73 మిల్లీమీటర్లకు తిరిగొస్తుంది. యాభై ఏళ్ల అరుగుదలను ఒక మధ్యాహ్నంలో చెరిపేశాడాయన! తరవాత హోనింగ్. గోడల మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ సన్నటి గీతలు పడతాయి. ఆయిల్ నిలబడేది ఆ గీతల్లోనే.

బ్లాకు మీద మూతలా కూర్చునే హెడ్డు దగ్గర ఇంకో సంగతి. ఈ ఇంజన్ తయారైన రోజుల్లో పెట్రోల్‌లో సీసం కలిపేవారు. ఎగ్జాస్ట్ వాల్వు వేడిగా వచ్చి సీటు మీద కొట్టుకునేటప్పుడు ఆ సీసమే మధ్యలో పరుపులా పనిచేసేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఆరోగ్యానికి మంచిదే, అందులో వాదన లేదు. కానీ పోత ఇనుప హెడ్డులో నేరుగా కోసిన సీట్లు ఆ రోజు నుంచి కొద్దికొద్దిగా అరుగుతూ వచ్చాయి. వాల్వు లోపలికి దిగబడుతుంది, ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది, పికప్ పడిపోతుంది. మేస్త్రి పాత సీట్లు తొలిచి గట్టి ఉక్కు సీట్లు దించాడు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కు పాత రబ్బరు తట్టుకోదు కాబట్టి ఆ హోసులూ, పెట్రోల్ పంపు డయాఫ్రమూ కూడా మార్చాం. అంటే పెట్టిన డబ్బుతో బండి పాతరోజులకు వెళ్లిపోలేదు, ఇవాళ బంకులో దొరికే పెట్రోల్‌కు సిద్ధమైంది. ఈ మాట మా బావమరిది లెక్కల్లో ఏ గడిలోనూ పట్టదు.

పాత బండ్లు పొగ కక్కుతాయి, ఎయిర్‌బ్యాగులుండవు, బ్రేకులు అంతంతమాత్రం అంటారు. రెండో మాట, మూడో మాట ఒప్పుకుంటాను. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వందలో పోయే బండి కాదిది, అలా పోను కూడా. మొదటి మాట మాత్రం సగమే నిజం. నీలం పొగ వచ్చేది ఆర్‌సీలో ఉన్న తేదీ వల్ల కాదు, అరిగిన రింగుల వల్ల. ఆ పొగ ఆపడానికే కదా లక్షన్నర! ప్రభుత్వం మాత్రం తేదీనే చూస్తుంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 600 నుంచి 5 వేలైంది 2022 ఏప్రిల్‌లో. ఇరవై ఏళ్లు దాటితే 10 వేలన్నారు 2025లో. ఇంజన్ బాగుచేయించినవాడికీ, పొగతో తిప్పేవాడికీ ఒకటే ఫీజు.

బిల్లులో సగానికి పైగా సామాన్లది కాదు, చేతిపనిది. ఆ డబ్బు బోరింగ్ చేసిన మేస్త్రికి, క్రాంక్ గ్రైండింగ్ చేసినాయనకి, హెడ్డు పట్టినవాడికి, అన్నీ బిగించి ట్యాపెట్లు సరిచేసిన మెకానిక్కుకి వెళ్లింది. అంతా ఒక కిలోమీటరు లోపే. కొత్త కారు వడ్డీ ఎక్కడికి పోతుందో మా బావమరిదినే అడగాలి.

ఈ మేస్త్రి దగ్గర ఒకప్పుడు నలుగురు కుర్రాళ్లు పని నేర్చుకునేవారట. ఇప్పుడు ఒక్కడూ లేడు. ఆఖరివాడు ఫుడ్ డెలివరీ బండి ఎక్కాడు. అతణ్ని తప్పుపట్టలేం. కొత్త ఇంజన్లలో తొలవడానికి చోటే తక్కువ, పోతే అసెంబ్లీకి అసెంబ్లీ మార్చేయమంటుంది షోరూము. ఐటీఐలో టర్నర్ కోర్సు చదివినవాడు కూడా ఇలాంటి బ్లాకు మీద చెయ్యి పెట్టే అవకాశం ఎక్కడుంది? పని ఇచ్చేవాడు లేకపోతే పని వచ్చినవాడు మిగలడు. ఇది కార్లతో ఆగే సంగతి కాదు. మిక్సీ మోటారుకు వైండింగ్ చేసేవాడు మీ వీధిలో ఉన్నాడా? కుట్టుమిషన్ రిపేరు? పొలంలో పంపుసెట్టు కాలిపోతే పక్కూళ్లో వైండింగ్ చేసేవాడు ఇప్పటికీ ఉన్నాడు, ఎందుకంటే రైతు ఇంకా బాగుచేయించమనే అడుగుతున్నాడు. పట్నంలో మనం అడగడం మానేశాం. "దీన్ని బాగుచేయించే కంటే కొత్తది కొనుక్కోవడం నయం" అనే వాక్యం ఎంత తేలిగ్గా నోటికొస్తోందో చూడండి. అది షోరూము వాడు నేర్పిన వాక్యం.

కేంద్రం 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. మొబైళ్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. మంచిదే. మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వెయ్యో వంతు అంగుళాన్ని వేలి కొసతో పసిగట్టే చెయ్యి మాత్రం డౌన్‌లోడ్ కాదు. అది బతకాలంటే దానికి నెలకు నాలుగు బ్లాకులు రావాలి.

2023 అక్టోబరులో ముంబైలో ఆఖరి ప్రీమియర్ పద్మిని టాక్సీకి 20 ఏళ్లు నిండి రోడ్డు దిగిపోయినప్పుడు దేశమంతా ఫొటోలు పెట్టి నిట్టూర్చింది. నేనూ పెట్టాను. నిట్టూర్పుకు ఖర్చుండదు. అలా నిట్టూర్చినవాళ్లలో కొందరి షెడ్లలో టార్పాలిన్ కింద ఓ ఫియట్టో అంబాసిడరో ఉండే ఉంటుంది. ఇంజన్ దించడానికి ఎంతవుతుందో ఒకసారి అడిగి, అంకె విని, టార్పాలిన్ మళ్లీ కప్పేసి ఉంటారు. అలాంటివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మేస్త్రి ఇంకా షాపు మూయలేదని చెప్పదలచుకున్నాను.

మా బండి ప్రస్తుతం రన్నింగ్-ఇన్‌లో ఉంది, అంటే బాగుచేసిన ఇంజన్ కుదురుకునేదాకా మెల్లగా నడపాలి. మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి, అప్పటిదాకా 50 దాటొద్దన్నాడు మేస్త్రి. నిన్న గుంటూరు నుంచి విజయవాడ వెళుతుంటే మంగళగిరి దగ్గర వెనక లారీవాడు ఆగకుండా హారన్ కొట్టాడు. ఓవర్‌టేక్ చేస్తూ కిటికీలోంచి తొంగిచూసి, వేగం తగ్గించి, పక్కపక్కనే నడుపుతూ "ఇంజన్ చేయించారా సార్?" అని అరిచాడు. శబ్దం విని గుర్తుపట్టాడట. బావమరిది పక్కనే కూర్చున్నాడు, ఏమీ అనలేదు.