హన్మకొండకు రోలర్ కోస్టర్ వస్తోంది!

మా ముగ్గురికీ ఒకటే జబ్బు, రోలర్ కోస్టర్ల పిచ్చి. ఒకణ్ణి నేను, ఇంకొకడు మా బామ్మర్ది, మూడో మనిషి కాజీపేటలో రైళ్లు నడిపి రిటైరైన మా పక్కింటి కాక. ముగ్గురం కలిసి ఇప్పటిదాకా ఎక్కినవి ఎన్ని అంటే, ఒకటి. హైదరాబాద్ వండర్‌లాలో రికాయిల్. అప్పుడు కూడా కాక కింద నిలబడి మా ఫోన్లు, పర్సులు పట్టుకున్నాడు కాబట్టి నిజానికి ఎక్కింది ఇద్దరమే. అది ముందుకు మూడు పల్టీలు కొట్టించి, అయిపోయిందనుకునేలోపు అదే దారిలో వెనక్కి ఇంకో మూడు కొట్టిస్తుంది. దిగాక నేను అరగంట మాట్లాడలేదు, అది నా జీవితంలో మంచి రోజని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఎక్కింది ఒకటే అయినా పరిజ్ఞానానికి లోటు లేదు. సౌదీలో నాలుగు కిలోమీటర్లకు పైగా పట్టా మీద 250 కిలోమీటర్ల వేగంతో పోయే ఫాల్కన్స్ ఫ్లైట్ సంగతులు మా బామ్మర్దిని అర్ధరాత్రి లేపి అడిగినా గడగడా చెప్తాడు. వాళ్లింట్లో గ్యాస్ ఎప్పుడు బుక్ చేశారో మాత్రం పగలు అడిగినా చెప్పలేడు. అమెరికాలో 139 మీటర్ల ఎత్తున్న కింగ్డా కా అనే కోస్టర్‌ను 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చేసినప్పుడు వాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినకపోతే, మా అత్తమ్మ పిల్లగానికి దిష్టి తగిలిందని ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

అలాంటివాడు కార్తీక మాసంలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "బావా, మనకు వస్తోంది" అన్నాడు. ఏం వస్తోందిరా అంటే గొంతు వణుకుతోంది, చెప్పలేకపోతున్నాడు. రింగు రోడ్డుకు పోయే దారిలో ఖాళీ జాగా చుట్టూ నీలం రేకులు కొట్టారట, లోపలికి ఒక లారీ పోతోందట, దాని మీద వంకర తిప్పిన ఇనుప పైపులున్నాయట, ఎర్ర రంగు వేసి.

సాయంత్రం నక్కలగుట్ట దగ్గర చాయ్ బండి మీద మీటింగ్ పెట్టాం. వాడు కదిలే బండి మీంచి తీసిన ఫోటోలో లారీ సగం, వాడి బొటనవేలు సగం ఉన్నాయి. అదే మాకు చాలు.

"పైపు పట్టా అంటే స్టీల్ కోస్టరే. 1959లో డిస్నీలాండ్‌లో మ్యాటర్‌హార్న్ కట్టినప్పటి నుంచి ఈ పద్ధతే" అన్నాడు వాడు.

కాక కళ్లద్దాలు పైకెత్తి ఫోటోను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "మన రైలు పట్టాల నడుమ 1676 మిల్లీమీటర్లు. గిది అండ్ల సగం గూడ లేదు. అయితే ఏమాయె, దీనికి పట్టా కింద గూడ చక్రాలుంటయి, పైకి లేవనియ్యయి. మా రైలుకు గా సుఖం యాడిది, దాని బరువే దానికి దిక్కు."

నేనూరుకుంటానా? ఆ పైపుకు ఒక చివర వంపు ఎక్కువుంది, ఇంకో చివర తక్కువుంది, కాబట్టి కచ్చితంగా లూప్ ఉందని తేల్చేశాను. లూప్ గుండ్రంగా ఉండదు, నీటిబొట్టులా పైన సన్నగా ఉంటుంది, పూర్తి గుండ్రంగా కడితే లోపలికి పోయేటప్పుడు మెడ మీద ఒక్కసారిగా భారం పడుతుంది అని చాయ్ గ్లాసు తిప్పి మరీ చూపించాను. చాయ్ కాక ప్యాంటు మీద పడింది. చాయ్ బండతను కూడా ఆగలేక, "పునాదులు మన రామప్ప గుడి లెక్క ఇసుక మీద ఏస్తరా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్న మీద ఇంకో నలభై నిమిషాలు.

మర్నాడు ముగ్గురం అక్కడికే పోయి వాచ్‌మన్‌ను పట్టుకున్నాం. ఆ సంభాషణ నాకింకా గుర్తుంది, ఎందుకంటే ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

"ఇక్కడ ఏం వస్తుంది?"

"మనుషులు కూసొనేది సార్. పైనకెల్లి కిందికొస్తది."

బామ్మర్ది నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మెలికలుంటాయా?"

"ఒకటున్నది. పొగ గూడ వస్తది."

"పొగ! థీమ్ రైడ్ బావా" అన్నాడు వీడు చెవిలో.

"ఒక్కసారికి ఎంతమందిని ఎక్కిస్తారు?"

"ఇద్దరినే."

"ఇద్దరేనా? అంత తక్కువ ఎందుకు?"

ఆయన మా ముగ్గురినీ ఎగాదిగా చూసి, "ఇద్దరు గాక ఎంతమంది ఉంటరు సార్?" అన్నాడు.

"ఏడాది పొడుగునా నడుస్తుందా?"

"ఆషాఢంల బందు."

అంతే, మా బామ్మర్ది తిరుగు దారంతా అదే పాట. చూశావా బావా, వానకు పట్టా తడిస్తే బ్రేకులు జారతాయి, విదేశాల్లో కూడా సీజన్ చూసుకుని మూసేస్తారు, మనవాళ్లు ఎంత ప్రొఫెషనల్‌గా ఆలోచిస్తున్నారో చూడు అని. ఇద్దరే కూర్చునేది అంటే ఏ కంపెనీ మోడల్ అయ్యుంటుందని రాత్రి పదకొండు దాకా ఫోన్లు. ఇప్పుడు ఇది చదువుతున్న మీకు అసలు సంగతి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు.

ఇక మిగిలింది ఎత్తు. పునాది గుంట కొలతలు, బోల్టుల మందం తెలిస్తే రైడ్ ఎంత పెద్దదో అంచనా కట్టొచ్చని కాక సలహా. పగలు పోతే మేస్త్రీ తరుముతాడు కాబట్టి రాత్రి తొమ్మిదింటికి పోయాం. కాక బండి మీదే కూర్చున్నాడు, ఆయన ఎప్పుడూ కిందే ఉంటాడు. రెండు రేకుల మధ్య సందులోంచి నేను ముందు దూరాను. బామ్మర్ది వెనక నుంచి ఫోన్ లైటు కొడుతున్నాడు, నా ముందు కాదు, నా వీపు మీద. ఎదురుగా నాలుగు బోల్టులు పైకి కనబడ్డాయి. నా గుండె లయ తప్పింది. దగ్గరికి పోయి లెక్కపెడదామని బూడిద రంగు నేల మీద కుడికాలు వేశాను.

అది నేల కాదు. ఆ సాయంత్రమే పోసిన కాంక్రీటు.

మోకాలి దాకా దిగిపోయింది. లాగితే రాలేదు, అరిస్తే కుక్కలొచ్చాయి, కుక్కల వెనక వాచ్‌మన్ వచ్చాడు. ఆయన, మా బామ్మర్ది చెరో రెక్క పట్టుకుని గుంజితే నేను వచ్చాను గానీ చెప్పు రాలేదు. దసరాకు కొన్న కొత్త చెప్పు. సిమెంటు చర్మాన్ని కాలుస్తుందని ఆయన నన్ను తిట్టుకుంటూనే బోరు దగ్గరికి లాక్కెళ్లి కాలు కడిగించాడు. ప్యాంటుకు అంటుకున్నది పూర్తిగా పోలేదు. ఇంటికొచ్చి ఆ ప్యాంటు విప్పి బాత్రూంలో పడేస్తే పొద్దుటికల్లా కుడికాలు ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది, ఎడమది వాలిపోయింది. మా ఆవిడ దాన్ని కాసేపు చూసి, ఏమీ అడగకుండా ఉప్మా పెట్టింది. అడిగితేనే బాగుండేది.

ఆ తర్వాత అటువైపు పోవడానికి మొహం చెల్లక ఊరుకున్నాం. ఎండాకాలంలో మా పెద్దమ్మ మనవరాలి రిసెప్షన్ కార్డు వచ్చింది. అడ్రస్ చదివి మా బామ్మర్ది చాలాసేపు మాట్లాడలేదు.

ఫంక్షన్ హాలు. మొదటి అంతస్తు బాల్కనీ నుంచి స్టేజీ దాకా ఎర్ర పైపుల పట్టా, మధ్యలో ఒక మెలిక, దాని మీద తెల్లని హంస బండి, హంసలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు. చుట్టూ పొగ. బండి కదిలింది. వేగం ఎంతంటే, పక్కన మెట్ల మీంచి దిగుతున్న మా పెద్దమ్మ, మోకాళ్ల నొప్పులతో కూడా, ముందుగా చేరింది. మెలిక దగ్గర పట్టా కొంచెం పైకి లేచింది, అక్కడికి వచ్చి హంస ఆగిపోయింది.

డీజే అదే పాట మూడోసారి వేశాడు. పొగ అయిపోయింది. పెళ్లికొడుకు కెమెరా వైపు నవ్వుతూనే ఉన్నాడు పాపం, దవడలు పట్టేసుంటాయి. కాక మాత్రం చేతులు కట్టుకుని తృప్తిగా, "మొదటి దిగుడుల ఊపు వస్తేనే తర్వాతి గుట్ట ఎక్కుతది. గీడ దిగుడుకే ఊపు లేదాయె" అని పక్కనున్న ఆడపెళ్లివాళ్లకు వివరించడం మొదలుపెట్టాడు.

రిమోట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మనిషి ఎర్ర కోటు వేసుకుని ఉన్నాడు గానీ గుర్తుపట్టాను. ఆయన కూడా నన్ను గుర్తుపట్టి, ముందు నా కాళ్ల వైపు చూశాడు. తర్వాత హంస ఆగిన చోట పూలు చుట్టిన కంబాన్ని చూపించి గొంతు తగ్గించి అన్నాడు.

"రోజూ గిదే లొల్లి సార్. ఏడ ఆగదు, గీ కంబం కాడికొచ్చినంకనే ఆగుతది. మీ చెప్పు గీండ్లనే కదా ఉన్నది?"