పాస్ మార్కులు తగ్గిస్తే సరిపోదు, ప్రశ్నపత్రం మారాలి

ప్రతి మార్చిలో పదో తరగతి పరీక్షల వార్త దాదాపు ఒకే మూసలో వస్తుంది. కేంద్రాలెన్ని, ఫ్లయింగ్ స్క్వాడ్లెన్ని, చుట్టుపక్కల జిరాక్స్ షాపులు ఏ టైముకి మూయాలి, తాగునీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. చిట్టచివర ఒక వాక్యం ఉంటుంది: దివ్యాంగ విద్యార్థులకు అదనపు సమయం, స్క్రైబ్ (వాళ్లు చెబితే రాసిపెట్టే మనిషి) సౌకర్యం కల్పిస్తున్నామని. ఆ వాక్యం అబద్ధమేమీ కాదు. అయితే ఆ పిల్లలు రాయబోయే ప్రశ్నపత్రం గురించి మాత్రం ఎక్కడా మాట ఉండదు. అందరికిచ్చే పేపరే వాళ్లకూ ఇస్తారు. చూడగలిగి, వినగలిగి, గబగబా రాయగలిగే పిల్లలను మనసులో పెట్టుకుని తయారుచేసిన పేపరది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పరీక్షల విధానంలో తగిన మార్పులు చేయాలని 17వ సెక్షన్‌లో చెప్పింది. అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అంటూ మూడు ఉదాహరణలను ఒకే వరసలో రాసింది. ఇవి ఒకే రకానివి కావు. మొదటి రెండూ విద్యార్థికి వచ్చింది బయటపెట్టడానికి దారి ఇస్తాయి. మూడోది అసలు అడగడమే మానేస్తుంది. మన బోర్డులకు ఈ మూడో రకమే బాగా అలవాటైంది. భాష వదిలేయండి, బొమ్మ ఉన్న ప్రశ్న వదిలేయండి, కొన్ని వైకల్యాలకు 35 రాకపోయినా పాస్ చేసేయండి. దీనికి ఖర్చు లేదు, ఎవరికీ శిక్షణ అక్కర్లేదు, ఒక జీవో చాలు. ఖర్చంతా తర్వాత ఆ పిల్లల మీద పడుతుంది.

మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్లకు పాఠమే వేరుగా ఉండాలి కాబట్టి పాస్ గీత వేరుగా ఉన్నా తప్పులేదు. ఇక్కడ మాట్లాడుతున్నది చూపు లేకపోయినా, చెవి వినపడకపోయినా, చెయ్యి సహకరించకపోయినా పాఠం పూర్తిగా అర్థమైన పిల్లల గురించి. వాళ్లకు 20 మార్కులకే పాస్ అని చెప్పడం దయలా కనిపిస్తుంది. 80 మార్కులకు రాయగలిగిన పిల్లకు ఆ 80 తెచ్చుకునే అవకాశం ఇచ్చామా అన్న ప్రశ్నను ఆ దయ పక్కకు నెట్టేస్తుంది.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ తెలుగువాళ్లకు బాగా తెలుసు. పుట్టుకతోనే చూపు లేదు. పదిలో 90 శాతం దాటి మార్కులొచ్చాయి. ఇంటర్‌లో సైన్స్ తీసుకుంటానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. చూపు లేనివాళ్లు ఆర్ట్స్ చదువుకోవాలట. కోర్టుకెళ్లి నెలల తరబడి కొట్లాడితే గానీ సైన్స్ దక్కలేదు. ఆడియోగా మార్చుకున్న పుస్తకాలతో చదివి ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నారు, అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు, తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. దీన్ని మనం పట్టుదల కథగా చెప్పుకుని చప్పట్లు కొడుతుంటాం. నాకైతే అది మన పరీక్షల విధానం తెల్లమొహం వేసిన కథగానే కనిపిస్తుంది. అంతకుముందే సైన్స్ అడిగి, కాదనిపించుకుని, కోర్టుకెళ్లే స్తోమత లేక ఆర్ట్స్‌లో చేరిపోయిన వాళ్లలో ఎందరికి ఆ 98 శాతం వచ్చి ఉండేదో ఇప్పుడు లెక్క తీయలేం.

సైన్స్ వద్దన్నది ఎందుకు? పటాలు గీయాలి, పరీక్షనాళికలో రంగు మార్పు చూసి చెప్పాలి కాబట్టి. గాజు దిమ్మెలో కాంతి కిరణం ఎలా వంగుతుందో పటం గీయమన్నప్పుడు మనం తెలుసుకోవాలనుకున్నది వక్రీభవనం అర్థమైందా లేదా అన్నది. పెన్సిలు, స్కేలు పట్టే నైపుణ్యం గురించి కాదు. పతన కోణం ఇచ్చి, కిరణం లంబానికి దగ్గరగా వంగుతుందా, దూరంగానా, ఎందుకని మాటల్లో అడిగితే అదే పరీక్ష జరుగుతుంది. లేదంటే వేలితో తడిమి తెలుసుకునే ఉబ్బెత్తు బొమ్మ ఇవ్వొచ్చు. ఐఐటీ ఢిల్లీలో మొదలైన రైజ్డ్ లైన్స్ ఫౌండేషన్ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు అలాంటి బొమ్మలు తయారుచేస్తోంది. సీబీఎస్ఈ కూడా చూపు లేని విద్యార్థులకు బొమ్మ ప్రశ్నల స్థానంలో వేరే ప్రశ్నలు ఇస్తోంది. అదే బోర్డు లెక్కల బదులు సంగీతమో, పెయింటింగో తీసుకునే వీలూ ఇస్తోంది. పదిహేనేళ్ల వయసులో ఆ వీలు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత ఎంపీసీలో చేరాలంటే తెలుస్తుంది.

ఇక అదనపు సమయం. కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పరీక్షకు గంట ఎక్కువ. కనీసం అన్న మాటను అమలులో అందరూ గరిష్ఠంగా చదువుకున్నారు. బ్రెయిలీలో చదివే పిల్లకూ, కండరాలు బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ పిల్లవాడికీ, అక్షరాలు తారుమారుగా కనబడే డిస్లెక్సియా పిల్లవాడికీ అదే గంట. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు నాలుగు గంటలు ఏకబిగిన కూర్చోవడమే పెద్ద శిక్ష. వాళ్లకు మధ్యలో విరామం కావాలి.

స్క్రైబ్ విషయంలో టెన్షన్ ఇంకో రకం. విద్యార్థి కన్నా ఒక మెట్టు కింద చదివిన వాళ్లే రాయాలన్నది నియమం. కాపీ జరగకూడదు కాబట్టి అందులో న్యాయం ఉంది. అయితే లెక్కల పేపరులో విద్యార్థి "రూట్ ఎక్స్ ప్లస్ వై" అంటాడు. రూట్ ఎక్స్‌కు మాత్రమేనా, రెండింటికీనా? రాసే తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఆ తేడా తెలియకపోతే సరైన జవాబు తప్పుగా కాగితమెక్కుతుంది. ఇంగ్లీషులో స్పెల్లింగ్ తప్పు స్క్రైబ్‌ది, పోయే మార్కు విద్యార్థిది. పోటీ పరీక్షలు, ప్రవేశ పరీక్షల కోసం కేంద్రం 2025 ఆగస్టులో ఇచ్చిన కొత్త మార్గదర్శకాలు, పరీక్షా సంస్థలే రెండేళ్లలోగా శిక్షణ పొందిన స్క్రైబ్‌లను సిద్ధం చేసుకోవాలనీ, సొంత స్క్రైబ్ పద్ధతిని తగ్గించాలనీ అంటున్నాయి. శిక్షణ మంచిదే. కానీ శిక్షణ పేపర్ మీదే ఉండిపోయి సొంత స్క్రైబ్ మాత్రం రద్దయితే, ఏళ్ల తరబడి కలిసి సాధన చేసిన మనిషి పోయి పరీక్ష రోజు పొద్దున కొత్త ముఖం ఎదురవుతుంది.

స్క్రైబ్ అక్కర్లేకుండా కంప్యూటర్ మీద తానే రాసుకోగలిగితే అన్నిటికన్నా మేలు. ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్, అంటే తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, తెలుగు చదువుతుంది. అయితే అది చదవాలంటే ఎదుట ఉన్నది యూనికోడ్ తెలుగు అయి ఉండాలి. మన డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లదే రాజ్యం. కంటికి ముద్దుగా కనబడే ఆ అక్షరాలు స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని గుర్తుల కుప్ప. లెక్కల సమీకరణాలను బొమ్మలుగా అతికిస్తే అది "గ్రాఫిక్" అని చదివి ముందుకెళ్లిపోతుంది. సమీకరణాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసే మ్యాథ్ఎంఎల్‌లో రాస్తే ఘాతాలతో, భిన్నాలతో సహా చదవగలదు. ఇదంతా ఇవాళ ఉన్న టెక్నాలజీయే. పేపర్ టైప్ చేసే మనిషికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇన్ని అవసరాలను వ్యవస్థ కొలుస్తున్నది ఒకే అంకెతో. సదరం సర్టిఫికెట్‌లో రాసిన వైకల్యం శాతంతో. మన దగ్గర సదరం క్యాంపు అనగానే అందరికీ గుర్తొచ్చేది పింఛను. 40 శాతం దాటితే ఈ పక్క, లేదంటే ఆ పక్క. పింఛనుకు, రిజర్వేషన్‌కు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదేమో గానీ పరీక్ష హాలులో ఏం కావాలో ఆ శాతం చెప్పదు. వికాశ్ కుమార్ అనే అభ్యర్థికి రైటర్స్ క్రాంప్ ఉంది, పెన్ను పట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. వైద్యులు తేల్చిన వైకల్యం 6 శాతం. సివిల్స్‌లో స్క్రైబ్ కుదరదన్నారు. 40 శాతం గీత రిజర్వేషన్లకు సంబంధించినదనీ, స్క్రైబ్‌ను నిరాకరించడానికి దాన్ని వాడకూడదనీ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న తీర్పు చెప్పింది. ఆ ప్రకారం 2022 ఆగస్టులో మార్గదర్శకాలు వచ్చాయి. అయినా 2025 ఫిబ్రవరిలో గుల్షన్ కుమార్ కేసులో కోర్టు దాదాపు అదే మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ మధ్యలో 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడంలో ఇబ్బంది) ఉన్న ఒక విద్యార్థినికి రావాల్సిన గంట ఇవ్వకుండానే పేపర్ లాగేసుకున్నారు. అది తప్పేనని కోర్టు చెప్పింది గానీ మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. పరీక్షల విషయంలో గెలిచిన కేసు కూడా చాలాసార్లు ఇలాగే ఉంటుంది. తీర్పు వచ్చేసరికి సీట్లు నిండిపోతాయి.

నకిలీ సర్టిఫికెట్ల మాటేమిటని అడగొచ్చు. 2024లో ఒక ట్రెయినీ ఐఏఎస్ ఎంపికను యూపీఎస్సీ రద్దు చేశాక ఆ అనుమానం ఇంకా పెరిగింది. అనుమానం న్యాయమైనదే. దాన్ని తీర్చుకోవాల్సిన చోటు మెడికల్ బోర్డు. ఇన్విజిలేటర్ కాదు. పైగా ఒక పిల్లవాడికి స్క్రీన్ రీడర్ ఇస్తే పక్కవాడి మార్కు తగ్గదు.

నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలదైతే సర్టిఫికెట్ దాకా రావడమే గగనం. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం డిస్లెక్సియా గుర్తించడానికి రూపొందించిన డాలి పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది, తెలుగులో కాదు. తెలుగు మీడియం పిల్లవాడిని ఇంగ్లీషులో పరీక్షిస్తే అతనికి ఇంగ్లీషు రాదని తేలుతుంది. ఒత్తులు, గుణింతాల దగ్గర ఎక్కడ తడబడుతున్నాడో తేలదు.

కోర్టుల కోసం ఎదురుచూడకుండా మన రెండు రాష్ట్రాల బోర్డులు చేసుకోగలిగిన పని ఒకటుంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ఐఈఆర్‌పీలు (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లు) ఈ పిల్లలతోనే రోజూ పనిచేస్తారు. ప్రశ్నపత్రం ప్రెస్సుకు వెళ్లేముందు అలాంటి వాళ్లలో ఇద్దరు ముగ్గురికి చూపించి, బొమ్మ మీద ఆధారపడిన ప్రతి ప్రశ్నకూ సమానమైన మరో ప్రశ్న రాయించాలి. వినికిడి లేని పిల్లలకు అనవసరంగా మెలికపడిన వాక్యాలను విడగొట్టించాలి. రహస్యం బయటపడుతుందంటారు. సబ్జెక్టు టీచర్లను నమ్మి పేపర్ రాయిస్తున్నప్పుడు వీళ్లను నమ్మడానికి అడ్డేముంది? అదీ కాదంటే, వేసవి సెలవుల్లో మోడల్ పేపర్లతో మొదలుపెట్టొచ్చు.